నరసింహుడి నేల మీద డార్విన్

కదిరి పరిసరాల్లో నేల కింద పరుచుకున్న అగ్నిపర్వత శిలల వయసు 250 కోట్ల సంవత్సరాలకు పైమాటేనని భూగర్భశాస్త్రం చెబుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేకుండా కురిసే ఈ కరవుసీమలో, సగం సింహం సగం మనిషి అయిన దైవానికి ఒక పెద్ద గుడి ఉంది. ఆ గుడికి పాతిక కిలోమీటర్ల దూరంలో, గూటిబయలు దగ్గర, ప్రపంచంలోకెల్లా విశాలమైనదిగా పేరుపొందిన మర్రిచెట్టు ఉంది. వేరుశనగలో కొత్త వంగడాలను రూపొందించే వ్యవసాయ పరిశోధనా స్థానం కూడా కదిరిలోనే ఉంది. జీవపరిణామ శాస్త్రానికీ మతవిశ్వాసానికీ మధ్య ఉన్న సంబంధం ఎటువంటిదన్న ప్రశ్నను తెలుగునాట ఎక్కడైనా అడగవచ్చు గాని, కదిరిలో అడిగితే సమాధానానికి కావలసిన సామగ్రి చేతికందే దూరంలోనే దొరుకుతుంది.

ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాల్లో లక్ష్మీనరసింహస్వామి రథం మీదికి దవనం, మిరియాలు చల్లే జనంలో చాలామంది చుట్టుపక్కల వేరుశనగ చేల నుంచి వచ్చినవారే. వారిలో ముస్లింలూ ఉంటారు. విత్తనం ఎంచుకునేటప్పుడు వారు నమ్ముకునేది పంట చూపిన సాక్ష్యాన్ని, రథం ముందు నిలబడినప్పుడు నమ్ముకునేది దేవుణ్ణి, ఒకచోటి నమ్మకం రెండోచోటి నమ్మకానికి అడ్డురావడం లేదు. అయినా ఈ రెండింటికీ పొసగదని వాదించేవారు కొందరైతే, రెండూ ఒకటేనని, పరిణామ సిద్ధాంతం మన పురాణాల్లో ఎప్పటినుంచో ఉందని వాదించేవారు మరికొందరు. తెలుగునాట రెండో వాదానికే బలం ఎక్కువ. అది విజ్ఞానశాస్త్రానికి ఎంత చెరుపు చేస్తుందో పురాణానికీ అంతే చెరుపు చేస్తుంది.

దశావతారాల లెక్క

ఆ వాదం అందరికీ తెలిసినదే. జీవం నీటిలో పుట్టింది గనుక మొదటి అవతారం చేప. తరువాత నీటిలోనూ నేల మీదా తిరిగే తాబేలు. ఆ పైన నేల మీది జంతువైన వరాహం. పిదప మృగానికీ మనిషికీ మధ్యస్థమైన నరసింహం. అనంతరం పొట్టి మనిషి వామనుడు, గొడ్డలి పట్టిన పరశురాముడు, నాగరికుడైన రాముడు. ఇది తరతరాలుగా వస్తున్న వ్యాఖ్యానమని చాలామంది అనుకుంటారు గాని, డార్విన్ ‘జాతుల పుట్టుక’ 1859లో వెలువడకముందు ఏ పౌరాణికుడూ, ఏ వ్యాఖ్యాతా దశావతారాలను ఈ తీరున చదివిన దాఖలా కనిపించదు. దివ్యజ్ఞాన సమాజాన్ని స్థాపించినవారిలో ఒకరైన రష్యన్ మహిళ మేడమ్ బ్లావట్‌స్కీ 1877లో న్యూయార్క్‌లో ప్రచురించిన గ్రంథంలో ఈ పోలిక తెచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో సంస్కృతాచార్యుడైన మోనియర్ విలియమ్స్ కూడా డార్విన్‌కు ఎంతో ముందే హిందువులకు ఇటువంటి భావన ఉందన్న ధోరణిలో రాశాడు. దివ్యజ్ఞాన సమాజం 1882లో మద్రాసు అడయారుకు చేరింది. ఆ సమాజపు నాయకురాలు అనీ బిసెంట్ 1915లో కదిరికి పొరుగునే ఉన్న మదనపల్లెలో కళాశాల నెలకొల్పింది. పరాయి పాలనలో తమ సంప్రదాయం గురించి హీనంగా వింటూ వచ్చిన చదువుకున్న తరానికి, పాశ్చాత్య విజ్ఞానంలోకెల్లా సాహసోపేతమైన సిద్ధాంతం తమ తాతలకు ముందే తెలుసన్న మాట ఎంత ఊరట కలిగించి ఉంటుందో ఊహించవచ్చు. ఆ ఊరటను ఎద్దేవా చేయనక్కరలేదు, అది అవమానం నుంచి పుట్టినది.

జన్యుశాస్త్రానికీ ప్రకృతి వరణానికీ గణితంతో లంకె వేసిన మహాశాస్త్రజ్ఞుల్లో ఒకడైన జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదలి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చాడు. దశావతారాల వరుస వెన్నెముక గల జీవుల పరిణామాన్ని స్థూలంగా గుర్తుకు తెస్తుందని ఆయన కూడా అన్నాడు. అయితే అది పోలికను చూసి ముచ్చటపడిన మాట మాత్రమే, సాక్ష్యమని ఆయన చెప్పలేదు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయ అప్పటి ఉపకులపతి జి. నాగేశ్వరరావు దశావతారాలు డార్విన్ సిద్ధాంతం కంటే మెరుగైన వివరణ అని ప్రకటించేసరికి ఆ ముచ్చట కాస్తా సిద్ధాంతమై కూర్చుంది. దేశమంతటా శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. వారి అభ్యంతరం అవతారాల మీద కాదు, ఆ పోలిక మీద.

ఆ పోలిక ఎందుకు నిలవదో తెలియాలంటే పరిణామం అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. ఏ జాతిలోనైనా పిల్లలందరూ ఒక్కలా పుట్టరు. ఆ తేడాల్లో కొన్ని తల్లిదండ్రుల నుంచి సంక్రమించేవి. బతికి పిల్లల్ని కనడానికి ఏ తేడా కాస్త తోడ్పడితే అది వచ్చే తరంలో కాస్త ఎక్కువమందిలో కనిపిస్తుంది. దీన్ని ప్రకృతి వరణం అంటారు. ఎంచుకునే చేయి అంటూ లేకుండానే, పరిసరాల ఒత్తిడి వల్ల జరిగే ఎంపిక అది. వేల లక్షల తరాల మీద ఈ మార్పులు పోగుపడి, విడివడిన సమూహాలు వేరువేరు జాతులుగా మారతాయి. ఇందులో గమ్యం లేదు, పైమెట్టూ కిందిమెట్టూ లేవు. సింహం మనిషిగా మారలేదు, కోతీ మారలేదు. మనిషికీ చింపాంజీకీ దూరపు పూర్వీకులు ఒకరే, అంతే. తాబేలు ఉభయచరం కూడా కాదు, సరీసృపం.

పురాణం వైపు నుంచి చూసినా ఆ లెక్క కుదరదు. వరాహం చేతిలో చచ్చిన హిరణ్యాక్షుడూ, నరసింహుడి గోళ్లకు బలైన హిరణ్యకశిపుడూ అన్నదమ్ములు. వామనుడు అణచిన బలిచక్రవర్తి హిరణ్యకశిపుడి కొడుకైన ప్రహ్లాదుడికి మనుమడు. అంటే వరాహం నుంచి వామనుడి దాకా గడిచినది ఒక వంశంలోని నాలుగు తరాల కాలమే. పరశురాముడు రాముడికి ఎదురుపడతాడు, భారతంలో కర్ణుడికి అస్త్రవిద్య నేర్పుతాడు. ఒక అవతారం మరొక అవతారానికి జన్మనివ్వలేదు. ప్రతిదీ ఒక సంకటం తీర్చడానికి వచ్చింది. నరసింహుడి రూపానికి కారణం కథలోనే ఉంది: మనిషి వల్ల గాని మృగం వల్ల గాని, పగలు గాని రాత్రి గాని, ఇంట్లో గాని బయట గాని చావు లేకుండా వరం పొందిన రాజు, ఏ నియమంలోనూ ఇమడని రూపం చేతిలో, సంధ్యవేళ, గడప మీద చచ్చిపోయాడు. అధికారం తన చుట్టూ ఎంత పకడ్బందీగా చట్టం కట్టుకున్నా దానికి ఒక గడప మిగులుతుందన్నది ఆ కథ చెప్పే మాట. తండ్రి ఏనుగులతో తొక్కించినా తన నమ్మకం వదలని పిల్లవాడు దానికి నాయకుడు. పోతన భాగవతం ద్వారా ప్రహ్లాద చరిత్రను కంఠస్థం చేసిన తెలుగు తరాలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ దైవాన్ని మృగానికీ మనిషికీ మధ్య దశగా కుదించినప్పుడు ప్రహ్లాదుడికి కథలో చోటే ఉండదు. భక్తులు అభ్యంతరం చెప్పవలసిన చోటు నిజానికి ఇదే.

కాలం లోతు

ఇంగ్లండులో డార్విన్ సిద్ధాంతం అంత అలజడి రేపడానికి ఒక కారణం కాలానికి సంబంధించినది. బైబిల్లోని వంశావళుల ఆధారంగా ఆర్చిబిషప్ అషర్ 17వ శతాబ్దంలో సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని లెక్కగట్టాడు. పరిణామానికి కావలసింది కోట్ల ఏళ్లు. హిందూ పురాణాల్లో బ్రహ్మకు ఒక పగలే 432 కోట్ల సంవత్సరాలు గనుక, ఇక్కడి చదువరులకు ఆ కాలప్రమాణం దిగ్భ్రాంతి కలిగించలేదు. జన్మజన్మలుగా జీవుడు నానా దేహాలు ధరిస్తాడని నమ్మే సమాజానికి జంతువుతో చుట్టరికం అంత పెద్ద అవమానంగానూ తోచలేదు. అందుకే ఇక్కడ డార్విన్‌ను ఎదిరించినవారు తక్కువ, కలుపుకున్నవారు ఎక్కువ. వివేకానందుడు కలకత్తా జంతుప్రదర్శనశాల అధికారి రామబ్రహ్మ సన్యాల్‌తో మాట్లాడుతూ, జంతువుల విషయంలో డార్విన్ మాట కొంతవరకు చెల్లినా, పోటీ మనిషి వికాసానికి మూలం కాదని, పతంజలి చెప్పిన ప్రకృతి ఆపూరణమే, అంటే అడ్డు తొలగగానే లోపలి ప్రకృతి తానే నిండి రావడమే, అందుకు సరైన వివరణ అని వాదించాడు. అంటే ఆయన పరిణామం అన్న భావనను అంగీకరించి, దాని యంత్రాంగాన్ని మార్చాడు. ప్రకృతి వరణానికి గమ్యం లేదన్నదే డార్విన్ చెప్పిన అసలు కొత్త సంగతి గనుక, ఆ మార్పు చిన్నదేమీ కాదు. కలుపుకోవడంలో ఉన్న ప్రమాదం ఇదే: ఎదిరించేవాడు కనీసం ఎదుటి వాదం ఏమిటో విని ఎదిరిస్తాడు.

భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలని తేలాక, 432కూ 454కూ ఉన్న దగ్గరితనాన్ని ప్రమాణంగా చూపడం కూడా పరిపాటి అయింది. బ్రహ్మ పగలు యుగాల లెక్క నుంచి గుణకారంతో వచ్చిన సంఖ్య. భూమి వయసు ఉల్కాశిలల్లో యురేనియం సీసంగా మారే వేగం నుంచి తేలిన కొలత. రేపు మెరుగైన కొలత వస్తే రెండో సంఖ్యను సవరిస్తారు, మొదటిదాన్ని సవరించే పనే లేదు.

క్రైస్తవంలోనూ ఎదిరింపు ఒక్కటే కథ కాదు. అమెరికాలో డార్విన్‌ను మొదట సమర్థించిన వృక్షశాస్త్రజ్ఞుడు ఆసా గ్రే నిష్ఠ గల క్రైస్తవుడు. 20వ శతాబ్దపు పరిణామ శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడైన థియోడోసియస్ డోబ్‌జాన్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవ విశ్వాసి. పోప్ రెండవ జాన్ పాల్ 1996లో పరిణామ సిద్ధాంతం కేవలం ఊహ స్థాయిని దాటిందని అంగీకరించాడు. మరోవైపు ముస్లింలు ఎక్కువగా ఉన్న టర్కీ 2017లో ఉన్నత పాఠశాలల పాఠ్యప్రణాళిక నుంచి ఆ పాఠాన్ని తప్పించింది.

వేరుశనగ చెప్పే సాక్ష్యం

రాయలసీమ రైతు శెనక్కాయ అని పిలిచే పంట దక్షిణ అమెరికాది; పోర్చుగీసు ఓడల కాలంలో ఇండియాకు వచ్చి, నీళ్లు లేని ఈ ఎర్రనేలలో నిలదొక్కుకుని, ఒకప్పుడు ఉమ్మడి అనంతపురం జిల్లాను దేశంలోనే అత్యధిక విస్తీర్ణంలో వేరుశనగ పండించే జిల్లాగా నిలిపింది. ఆ మొక్క పుట్టుక పరిణామ శాస్త్రానికి పాఠ్యపుస్తకం వంటిది. బొలీవియా, ఉత్తర అర్జెంటీనా ప్రాంతంలో పెరిగే రెండు అడవి మొక్కలు, అరాకిస్ డ్యురానెన్సిస్, అరాకిస్ ఇపాయెన్సిస్, ఒక్కోదానికి 20 క్రోమోజోములు. ఈ రెండింటి మధ్య సంకరం జరిగి, ఆ సంకరంలో క్రోమోజోములు రెట్టింపై, 40 క్రోమోజోముల కొత్త జాతి ఏర్పడింది. మామూలుగా ఇటువంటి సంకరం గొడ్డుపోతుంది. క్రోమోజోములు రెట్టింపు కావడం వల్ల అది గింజ కట్టగలిగింది, కాని తల్లిమొక్కలతో మళ్లీ సులువుగా కలవలేని స్థితిలో విడిగా మిగిలింది. వేరే జాతి అంటే అర్థం ఇదే. తల్లిమొక్కల జన్యుపటాలు 2016లో, సాగు వేరుశనగ జన్యుపటం 2019లో వెలువడ్డాయి. ఈ పరిశోధనలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులకూ భాగం ఉంది. ఆ కలయిక సుమారు 10,000 ఏళ్ల లోపు జరిగిందనీ, రెండో మొక్క గింజలను తొలి సేద్యగాళ్లే మోసుకొచ్చి ఉండవచ్చనీ వాటి నుంచి తేలింది. ఆ అడవి మొక్కలను శాస్త్రజ్ఞులు మళ్లీ కలిపి, క్రోమోజోములు రెట్టించి, సాగు వేరుశనగతో కలిసే మొక్కను పుట్టించారు కూడా.

2018 జనవరిలో కేంద్ర మంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు గనుక డార్విన్ సిద్ధాంతం తప్పని, దాన్ని పాఠాల నుంచి తీసివేయాలని అన్నప్పుడు దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు ఉమ్మడి ప్రకటనలో ఖండించాయి. ఆ ఖండనకు కదిరి రైతు కల్లంలోని ప్రతి కాయా సాక్ష్యం చెప్పగలదు. కొత్త జాతి ఎలా పుడుతుందో అక్కడ కనిపిస్తుంది.

ఒకటి రెండు మొక్కల సంతతి గనుక వేరుశనగలో జన్యువైవిధ్యం చాలా తక్కువ, అందువల్ల తెగుళ్లకు సులువుగా లొంగుతుంది. 2000 ఖరీఫ్‌లో కాండం కుళ్లు వైరస్ అనంతపురం జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్లలో వ్యాపించి 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం తెచ్చింది. వయ్యారిభామ పుప్పొడితో పాటు తామర పురుగులు ఆ వైరస్‌ను చేలలోకి చేర్చాయి. 1940లో వచ్చిన టి.ఎం.వి. 2 రకం ఒక్కటే జిల్లా అంతటా దశాబ్దాల పాటు పరుచుకుని ఉండడం ఎంత ప్రమాదమో ఆ ఏడాది తెలిసింది. కదిరి 3, కదిరి 6, కదిరి 9, కదిరి లేపాక్షి వంటి పేర్లతో ఇక్కడి పరిశోధనా స్థానం వరుసగా రకాలు విడుదల చేస్తూ రావడం వెనుక ఉన్నది ఎంపికే. డార్విన్ తన గ్రంథాన్ని మొదలుపెట్టినది కూడా పావురాలనూ పంటలనూ మనిషి ఎలా ఎంచి పెంచాడన్న చర్చతోనే. పొలంలో మందు కొట్టిన ప్రతిసారీ ఆ మందుకు చావని పురుగు సంతతి పెరుగుతుంది. 1987లో కోస్తా పత్తి చేలలో శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగక రైతులను ఆత్మహత్యలకు నెట్టినప్పుడు అక్కడ పనిచేసింది ప్రకృతి వరణమే. పరిణామాన్ని నమ్మడమూ మానడమూ రైతు ఇష్టం కావచ్చు గాని పురుగు ఆ ఇష్టాన్ని అడగదు.

తిమ్మమ్మ మర్రిమాను

గూటిబయలు మర్రి 19,107 చదరపు మీటర్లు, అంటే దాదాపు 4.7 ఎకరాలు పరుచుకుని, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. తిమ్మమ్మ అనే ఆమె 1434లో భర్త చితి మీద సహగమనం చేసిందనీ, ఆ చితికి నాటిన గుంజ చిగిర్చి ఈ మాను అయిందనీ స్థలగాథ. చెట్టు కింద ఆమెకు చిన్న గుడి ఉంది, సంతానం లేని దంపతులు వచ్చి మొక్కుకుంటారు. ఈ గాథలో ఒక గమనింపు ఉంది: మర్రికొమ్మను నరికి నేలలో పాతితే వేళ్లు తొడుగుతుంది. అలాగని ఈ గుంజే ఆ చెట్టు అయిందని రుజువు కాదు. కాని గాథను అల్లినవారు మర్రిని దగ్గరగా చూసినవారన్నది మాత్రం నిజం. సతిని కీర్తించడం 1987 చట్టం ప్రకారం నేరం. ఒక స్త్రీ మంటల్లో చావడాన్ని పూజించకుండానే ఆమె పేరు మోస్తున్న చెట్టును గౌరవించడం సాధ్యం, అవసరం కూడా.

ఆ చెట్టులో జరిగేది గాథ కంటే విచిత్రం. మర్రిపండు అసలు పండు కాదు, లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. లోపల వందలాది సూక్ష్మ పుష్పాలు ఉంటాయి. ఒకే ఒక్క జాతి కందిరీగ, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల పురుగు, కాయ కొనన ఉన్న సన్నని రంధ్రంలోంచి, రెక్కలు తెగిపోయేంత ఇరుకున దూరి, తెచ్చిన పుప్పొడిని పూలకు అద్ది, కొన్నిటిలో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. పుట్టిన మగ ఈగలకు రెక్కలు ఉండవు. అవి ఆడ ఈగలతో జతకట్టి, వాటికి బయటికి దారి తొలిచి, వెలుగు చూడకుండానే ముగిసిపోతాయి. ఆడవి పుప్పొడితో మరో చెట్టు వెతుక్కుంటూ ఎగిరిపోతాయి. ఈగ లేకుంటే మర్రికి విత్తనం లేదు, మర్రి లేకుంటే ఈగకు పిల్లలు లేరు. ఒకదాని మార్పుకు మరొకటి మారుతూ సాగే ఈ ప్రక్రియను సహపరిణామం అంటారు; మర్రి, మేడి, రావి కుటుంబానికీ ఈ ఈగలకూ మధ్య అది ఏడు కోట్ల ఏళ్లకు పైగా సాగుతోంది. సంతానం కోసం మొక్కుకునే మనిషి తల మీద, ప్రతి కాయలోనూ, ఆ ఏడు కోట్ల ఏళ్ల చరిత్ర నడుస్తూనే ఉంటుంది. ఇది తెలిస్తే ఆ మొక్కు తగ్గిపోతుందని భయపడేవారు భక్తిని తక్కువ అంచనా వేస్తున్నారు.

రెండు దారులు

ఈ నేలకు సందేహం కొత్తది కాదు. రాతి దేవుళ్లనూ కులగర్వాన్నీ నిలదీసిన వేమన సమాధి కదిరి సమీపంలోని కటారుపల్లెలోనే ఉంది, జనం దానికి పూజ చేస్తారు. తెలుగు నాస్తికోద్యమానికి ఆద్యుడైన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, వృక్షశాస్త్ర అధ్యాపకుడు. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడ కళాశాల ఉద్యోగం పోగొట్టుకుని, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం నెలకొల్పాడు. గాంధీతో ఆయన జరిపిన సంభాషణల్లో ప్రధానమైనది జీవుల పుట్టుక కాదు, అంటరానితనం. పెళ్లి ఆచారాలు శరీరం మీద వేసే ముద్రను శాస్త్రజ్ఞులూ పరిశీలించారు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు హాల్డేన్ శిష్యుడై, ఆంధ్రలో మేనరికాలూ మేనమామ వివాహాలూ సంతానం మీద చూపే ప్రభావాన్ని అధ్యయనం చేశాడు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రజ్ఞులు పాలుపంచుకున్న 2009 నాటి అధ్యయనం, ఆంధ్రలోని వైశ్య సమూహం వందకు పైగా తరాల నుంచి బయటి సంబంధాలు దాదాపు లేకుండా సాగిందని తేల్చింది. శస్త్రచికిత్సలో కండరాలను సడలించడానికి వాడే ఒక మందు వారిలో కొందరి శరీరం నుంచి సకాలంలో పోకపోవడానికి కారణం ఆ చరిత్రలోనే ఉంది. కులనియమం ఆచారంగా మొదలై రక్తంలో గుర్తుగా మిగిలింది. మత్తువైద్యుడు ముందే అడిగి తెలుసుకుంటే ప్రాణం కాపాడే సమాచారం ఇది. విశ్వాసం పరిణామ శాస్త్రాన్ని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, విశ్వాసం నిర్ణయించిన పెళ్లిళ్లు పరిణామంలో భాగమే అయ్యాయి.

ఇంత దగ్గరి శాస్త్రానికి బడి పుస్తకంలో మాత్రం చోటు తగ్గింది. 2023లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి పదో తరగతి పుస్తకంలోని ‘అనువంశికత, పరిణామం’ అధ్యాయం నుంచి పరిణామ భాగాన్ని తీసివేసింది. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, అధ్యాపకులు నిరసన లేఖ మీద సంతకాలు చేశారు. పన్నెండో తరగతిలో ఆ పాఠం ఉందన్నది మండలి సమాధానం. కాని తెలుగునాట పది దాటాక సగటు తల్లిదండ్రుల కోరిక ఎంపీసీ, ఇంజనీరింగ్. ఆ దారిన వెళ్లిన పిల్లలు జీవశాస్త్రాన్ని మళ్లీ ముట్టుకోరు. కేంద్ర పుస్తకాలు చదివే బడుల నుంచి వచ్చే అటువంటి పిల్లలకు డార్విన్ గురించి తెలిసేది ఇక ఫోనులో తిరిగే దశావతారాల బొమ్మ ద్వారానే. ఆ పాఠం పదో తరగతిలోనే ఉండాలి. కదిరి వంటి ఊళ్లో దాన్ని చెప్పే ఉపాధ్యాయుడు డార్విన్ చూసిన గలపాగస్ దీవుల పిచ్చుకలతో మొదలుపెట్టే బదులు, పిల్లల్ని పరిశోధనా స్థానం మళ్లకు తీసుకెళ్లి, ఆకుమచ్చ తగిలిన మొక్కనూ తట్టుకుని నిలిచిన మొక్కనూ పక్కపక్కన చూపించి, వచ్చే ఏటికి ఏ మొక్క గింజ దాచాలో వాళ్లనే అడగవచ్చు.